రెండు లెగ్ పీసుల ఉపవాసం

ఒక కొత్త విశ్వాసికి ఉపవాసం నేర్పబోయి, తొగుటలో ఒక బిర్యానీ హోటల్ నడిమధ్యన, నిండు జనంలో నేను పరువు పోగొట్టుకున్న సంగతి చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు అక్కడున్నవాళ్లు మీకంటే ముందే నవ్వేశారు.

అప్పుడు నాకు పాతికేళ్లు. సిద్దిపేటలో ఒక జిరాక్స్ షాపులో పని. హైదరాబాద్ వెళ్లి, విశ్వాసంలో కొత్తవాళ్లను ఎలా పెంచాలో రెండు రోజులు శిక్షణ పొంది వచ్చాను. శిక్షణ రెండు రోజులదే కానీ గర్వం మాత్రం పదేళ్లకు సరిపడా వచ్చింది. అది కనిపెట్టారో లేదో కానీ మా సంఘం అయ్యగారు పిలిచి, "రాజలింగం మొన్ననే బాప్తిస్మం తీసుకున్నడు. జర ఆయన మంచి చెడ్డ చూడు బిడ్డా" అన్నారు.

రాజలింగం అన్నకు యాభై ఏళ్లుంటాయి. సిద్దిపేట బస్టాండు దగ్గర ఒక హోటల్లో వంటమాస్టారు. తాగుడు మానేసి ఏడాదైంది. ఆయన చేయి చూస్తే చపాతీ పీటంత ఉంటుంది. ఆ చేత్తో బుల్లి పెన్సిలు పట్టుకుని, నా ముందు చాప మీద ఒద్దికగా కూర్చునేవాడు. నేను పాపం, పశ్చాత్తాపం, క్షమాపణ అని మూడు గళ్లు గీసి, మధ్యలో బాణాలు వేసేవాణ్ణి.

"గీ బాణం ఎటు వోతున్నది బ్రదర్?"

"అది చాలా లోతైన సంగతి అన్నా." నాకూ తెలియదని దానర్థం.

మూడు నెలలు గడిచాక ఒకనాడు ఆయనే నోరు విప్పాడు.

"మా లావణ్యను మర్కూక్‌ల ఇచ్చిన బ్రదర్. దాని పెండ్లిల తాగి, వియ్యపోళ్లతోని లొల్లి వెట్టుకున్న. రెండేండ్ల సంది బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు. మాఫ్ చెయ్యమని అడుగుదామని పోత. గడప దాంక పోంగనే నోరు లేస్తలేదు. ఎన్కకు వస్త. ఏం జెయ్యాలె?"

బుద్ధున్నవాడైతే "నడువు, నేనూ వస్తా" అనేవాడు. నేను కళ్లు మూసుకుని, చూపుడువేలు పైకెత్తి, "ఉపవాసం!" అన్నాను. మూడు రోజులు, పొద్దుగూకే దాకా మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టకూడదు. ఊపులో, "నేనూ నీతోపాటు ఉంటానన్నా" అని కూడా అనేశాను.

మొదటి రోజు ఎలాగో గట్టెక్కాను. రెండో రోజు మధ్యాహ్నానికి జిరాక్స్ మిషన్ నుంచి వచ్చే వేడి కాగితాలు నాకు రుమాలీ రొట్టెల్లా కనిపించసాగాయి. ఒక కాగితం వాసన చూశాను కూడా. సిద్దిపేటలో తింటే ఎవరైనా చూస్తారు. అందుకని బండి తీసి, తెలిసిన మొహం లేని తొగుట దాకా పోయాను. చెప్పేవి ఉపవాస నీతులు, దూరేవి బిర్యానీ హోటళ్లు!

హోటల్లో నేను కూర్చున్న బల్లకు ఎదురుగా తెల్లగడ్డం పెద్దాయన ఒకరు తినడం ముగించి చాయ్ తాగుతున్నాడు. నేను ఆర్డరిచ్చి, ప్లేటు కోసం వంటింటి వైపే చూస్తున్నాను. ప్లేటు వచ్చింది. పట్టుకొచ్చింది రాజలింగం అన్న!

"బ్రదర్! మీరా!" ఆయన మొహం వెలిగిపోయింది. "గిది మా బామ్మర్ది హోటల్. వంటాయనకు జెరమొచ్చిందంటే నేనొచ్చిన. నేను గీడున్ననని ఎట్ల తెల్సింది? ఉపాసం మంచిగుంటున్ననా లేదా అని సూడొచ్చిన్రా?"

"ఆ... అదే... చూడ్డానికే వచ్చాను."

"పొద్దటి సంది రెండు పెద్ద గిన్నెల బిర్యానీ దించిన బ్రదర్. ఉప్పు సుత రుచి సూడలే."

"గందుకేనా ఉప్పెక్కువైంది!" అన్నాడు పెద్దాయన.

రాజలింగం అన్న చేతిలోని ప్లేటు చూసుకుని, "గిది ఎవలికి మరి?" అన్నాడు.

"ఈ పెద్దమనిషికే" అన్నాను, తడుముకోకుండా.

"నాకా? నేను తినుడైంది బేటా" అన్నాడాయన తాపీగా. "నువ్వే గదా ఆర్డరిచ్చింది? రెండు లెగ్ పీసులు పడాలె అని రెండుసార్లు చెప్పినవ్!"

హోటలంతా గొల్లుమంది. నా కడుపు కూడా ఊరుకోలేదు, సాక్ష్యం చెబుతున్నట్టు గురగురమంది. పొద్దుటి నుంచి బిర్యానీ ఆవిరిలో నిలబడి, మెతుకు ముట్టని మనిషి నా ముందున్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను.

"అబద్ధం చెప్పానన్నా. ఆకలికి ఆగలేక తినడానికే వచ్చాను. తప్పు నాదే. మాఫ్ చెయ్యి."

ఈ దెబ్బతో రాజలింగం అన్న సంఘం మొహం కూడా చూడడేమో అనుకున్నాను. ఆయన ప్లేటు బల్ల మీద పెట్టి, భుజం మీది తువ్వాల తీసి చేతులు తుడుచుకున్నాడు.

"గంతేనా బ్రదర్?"

"ఏది?"

"మాఫ్ అడుగుడు. గిందరి ముంగట అడిగిన్రు. మీకేం గాలే, మన్ను వడలే, మిన్ను వడలే. గట్లయితే నేను సుత అడుగొచ్చు. బండి తియ్యిన్రి, మర్కూక్ పోదాం. మల్ల ఆలిశమైతే నాకు ధైర్యం రాదు."

దారి పొడుగునా ఆయన నా వెనక కూర్చుని, "తప్పు నాదే బిడ్డా, తప్పు నాదే బిడ్డా" అని వల్లెవేస్తూనే ఉన్నాడు. తీరా లావణ్య తలుపు తీసేసరికి అన్నీ మరిచిపోయాడు. "బిడ్డా..." అని ఏడ్చేశాడు. కాసేపటికి, "నీ పెండ్లి ఖరాబు జేసిన. మాఫ్ చెయ్యే" అన్నాడు.

ఆ అమ్మాయి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "లోపటికి రా బాపూ. బువ్వ తిన్నవా?" అంది.

ఆయన భయంభయంగా నా వైపు చూశాడు. "బ్రదర్, ఇంక పొద్దుగూకలే..."

"తిను అన్నా," అన్నాను. "బిడ్డ పెట్టే బువ్వ కాదనకు."

నాకూ పెట్టింది. పప్పుచారు, పచ్చిపులుసులో ముంచుకున్న జొన్నరొట్టె. అంత రుచైన ముద్ద నేను మళ్లీ తినలేదు.

ఆ ఆదివారం రాజలింగం అన్న సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. "బ్రదర్ మూడు నెలలు పాఠం చెప్పిండు. దేవుని సాక్షిగ, నాకొక్క ముక్క సమజ్ గాలే. బిర్యానీ హోటల్ల చెప్పింది మాత్రం మంచిగ సమజైంది."

అయ్యగారు నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. నేను బెంచీ కిందికి దూరే ప్రయత్నం చేశాను. కానీ ఆ రోజు నుంచి ఎప్పుడు ప్రార్థన చేసినా ఆ మనిషికోసం దేవునికి వందనాలు చెప్పకుండా లేవలేదు. నేర్పడానికి వెళ్లినవాడికి నేర్పి పంపాడు మరి.

కాబట్టి పెద్దలారా, మీ అందరి ఎదుట కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఉపవాసమున్న పూట ఏ హోటల్ గడపా తొక్కను. ఒకవేళ ఒళ్లు తెలియక తొక్కినా, ముందు వంటింట్లోకి తొంగిచూసి, లోపల మా సంఘంవాళ్లెవరూ లేరని రూఢి చేసుకోనిదే లెగ్ పీసు మాటెత్తను. ఆమెన్.