మొదటి చేద

మా వీధిలోకి నీళ్ల టిన్నుల ఆటో రోజూ ఉదయం వస్తుంది. నేను మోకాళ్లు పట్టుకుని తలుపు దాకా వచ్చేసరికి టిన్ను గుమ్మంలో ఉంటుంది, తెచ్చిన మనిషి మాత్రం ఉండడు. మొన్న అలాగే ఖాళీ వీధిని చూస్తూ నిలబడితే, పాలకొల్లులో ఉన్నప్పుడు మా మామగారి వెంట బావులు తవ్వించడానికి తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. కడవలతో నీళ్లు మోసిన నా ఈడువాళ్లకు ఆ అవస్థ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

పెళ్లైన కొన్నాళ్లకే మావారు కామెర్లతో పోయారు. మామగారికి బజారులో బట్టల కొట్టు ఉండేది. కొడుకు పోయాక ఆయన కొట్టు మీద మనసు పెట్టలేక, సముద్రం వార ఊళ్లలో జనం ఉప్పునీళ్లతో పడే బాధ ఎవరో చెప్పగా విని, కొడుకు పేరున మంచినీళ్ల బావులు తవ్వించాలని పట్టుబట్టారు. నీళ్లు మోసేది ఆడవాళ్లు కాబట్టి వాళ్లతో మాట్లాడడానికి నన్ను వెంట రమ్మన్నారు. కొడుకు పోయి ఏడాది తిరక్కుండానే కోడల్ని ఊళ్లు తిప్పుతున్నాడని బంధువులు ఆడిపోసుకున్నా ఆయన వినిపించుకోలేదు. అప్పటికి నేను ఆ ఇంట్లో వెనక గది దాటి ఎరగను.

మొగల్తూరు దాటాక, చేపలు పట్టుకుని బతికే ఒక పల్లెలో మొదటి బావి తవ్వించారు. ఇసుకలో సిమెంటు వరలు దింపి, ఊరంతా ఆశగా చూస్తుండగా మామగారు ఊరిన నీళ్లు దోసిలితో తీసి నోట్లో పోసుకున్నారు. ఉప్పు. అందరి ముందూ ఉమ్మలేక మింగేసి, అక్కడే ఇసుకలో కూలబడిపోయారు. కొడుకు పోయిన రోజున కూడా చూడని కన్నీళ్లు ఆయన కళ్లలో ఆ రోజు చూశాను. అయినా ఊరుకోక, సరుగుడు తోట పక్కన దిబ్బ మీద మళ్లీ తవ్విస్తే తియ్యటి నీళ్లు పడ్డాయి.

ఆడవాళ్లు బావి గట్టుకు పసుపు రాసి బొట్లు పెడుతుంటే, అలవాటు కొద్దీ నేను దూరంగా సరుగుడు చెట్ల దగ్గరే నిలబడిపోయాను. వాళ్లలో ఒక పెద్దావిడ నన్ను చూసి కేకేసింది.

"అక్కడే నుంచున్నారేంటండీ? మొదటి చేద మీరే తోడాలి."

"నేను తోడకూడదు పెద్దమ్మా," అన్నాను.

ఆవిడ నా బోసి నుదుటి వంక చూసి, తన బోసి నుదురూ చూపించింది. "మా మగోళ్లు సముద్రం మీదకెళ్లి తిరిగిరాని కొంపలే ఇక్కడ సగమండి. మనం తోడకూడదంటే ఈ ఊరికి నీళ్లెవరు పోస్తారండీ?" అంటూ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తాడు అందించింది. మామగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను తోడాను. ఆ నీళ్లు తాగుతుంటే, ఇంట్లో ఏడవలేని ఏడుపంతా అక్కడ వచ్చేసింది. ఎవరూ వద్దనలేదు, ఊరుకోమనీ అనలేదు.

తర్వాత మామగారు మరికొన్ని ఊళ్లలో తవ్వించి, తృప్తిగానే కన్నుమూశారు.

ఈ మధ్య ఒకసారి ఆ పల్లెకు వెళ్లాను. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చి బావి నీళ్లు ఉప్పుదేరాయి, పైన పలక వేసి మూసేశారు. ఇంటింటికీ కుళాయిలున్నాయి. పెద్దావిడ ఎప్పుడో పోయిందట. వాళ్ల వాళ్లు మర్యాదగా కుర్చీ వేశారు గానీ నేనెవరో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ల నడుములకు ఆ బరువు తప్పింది, అది మంచిదే, మళ్లీ మోయాలని ఎవరు కోరుకుంటారు? కాకపోతే ఇప్పుడు ఎవరి నీళ్లు వాళ్లింట్లోనే పడుతున్నాయి. దూరంగా నిలబడిన మనిషిని రమ్మని కేకేయడానికి గట్టు మీద ఎవరూ లేరు.