జింక కొమ్ములు మొదట చూసింది నేను కాదు

ఏటా ఒంటిమిట్ట రాములవారి కల్యాణమయ్యాక నా గుండెల మీద ఒక బరువు పడేది. బరువంటే అరకిలో లడ్డూ, గుప్పెడు తలంబ్రాలు. పద్నాలుగేళ్లు మోశాను. ఆ రాముడి వనవాసమంత కాలం. లడ్డూ అరిగిపోయేది. మిగతాది అరగలేదు.

పంపేది నరసింహులు. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసేవాడు. "మీ పేరు మీదే అర్చన చేపిచ్చినా మేడమ్" అనేవాడు. పేరు నాదే. పుణ్యం నాది కాదు. ఈ ఏటి దాకా ఎవరికీ చెప్పలేదిది. మీకు చెబుతున్నాను.

నేను కర్నూల్లో ప్యాథాలజిస్టును. రోగి ముఖం చూడని డాక్టర్ని, ముక్క మాత్రం చూస్తాను. నరసింహులు ఊపిరితిత్తి పొర మీది గడ్డలోంచి సూదితో తీసిన ముక్క నా బల్ల మీదికి వచ్చింది. మైక్రోస్కోపు కన్నా ముందు కాగితం చూశాను. మంగంపేట. గని కూలీ. ఇంకేముంది, దుమ్ము తెచ్చిన పొర క్యాన్సరే! నిజానికి ఆ క్యాన్సరు తెచ్చేది రాతినార, అంటే ఆస్బెస్టాస్ దుమ్ము, ముగ్గురాయిది కాదు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా కాగితం చదివిన కళ్లతోనే స్లైడు చూశాను. సాగిన కణాలు కనబడ్డాయి, చాలనుకున్నాను. కణాలు చదవాల్సినదాన్ని చిరునామా చదివాను. ఆ రిపోర్టు వెళ్లి ఉంటే, ఆపరేషన్ దండగని అతణ్ని ఇంటికి పంపేసేవాళ్లు.

స్లైడ్లకు రంగులు వేసే టెక్నీషియన్ రహమత్ బీ. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరామె, నాకన్నా పదేళ్లు పెద్ద. నేను పెన్ను మూత తీస్తుంటే వచ్చి నిలబడింది.

"సంతకం పెట్టొద్దండి మేడమ్. దీంట్లో రక్తనాళాలు జింక కొమ్ముల మాదిరి చీలిండాయి."

"నల్లమల జింకలు మైక్రోస్కోపులోకి కూడా వచ్చినాయా, రహమత్ బీ?"

"నగితే నగండి. మీకు ముందర ఈ సీట్లో పెద్దసారు ఉన్నప్పుడు ఇట్లాంటిదే ఒగటి వచ్చిండె. ఆ పొద్దు ఆయప్ప ఏపిచ్చిన రంగే మిగిలిన ముక్కకు ఏసినా. చూడండి."

"నిన్నెవరు వేయమన్నారు? కాగితం చూళ్లేదా?"

"కాగితం యాడ చూసినా? ముక్కను చూసినా."

చూశాను. పొర క్యాన్సరుకు పట్టని ఆ రంగు పట్టి, కణాలన్నీ గోధుమరంగులో మెరుస్తున్నాయి. ఎంత అందంగా ఉందో! సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్. అరుదైన గడ్డ, చాలావరకు కోసి తీసేస్తే పోయేది. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. రిపోర్టు చించేశాను.

నా తప్పు అది కాదు. అది పొరపాటు. తప్పు ఆ సాయంత్రం జరిగింది. సర్జన్ ఫోన్ చేసి ఎట్లా పట్టుకున్నావమ్మా అని అడిగితే, నాళాలు జింక కొమ్ముల్లా కనబడ్డాయి, అనుమానమొచ్చింది అన్నాను. ఆమె మాటే, కొమ్ము విరగకుండా. పక్కనే రహమత్ బీ గాజుసామాను కడుగుతోంది. తల ఎత్తలేదు. గడ్డ తీసేశాక సర్జన్ నరసింహులుకూ నా పేరే చెప్పాడు. తర్వాత డాక్టర్ల సదస్సులో మళ్లీ అదే మాట, చప్పట్లు, ఒక జ్ఞాపిక. గడ్డ పేరులోనే 'ఒంటరి' ఉంది కదా, ఘనతా ఒంటరిగానే తీసుకున్నాను. ఎందుకు? నా పొరపాటు బయటపడుతుందనా? టెక్నీషియన్ చెబితే తెలిసిందంటే నామోషీ అనా? రెండూనేమో. ఆమె రిటైరై ఊరికి వెళ్లిన రోజు దండ వేశాను, శాలువా కప్పాను. ఆ ఒక్క మాట మాత్రం మింగాను.

ఈ ఏడు నరసింహులు గుడి వరుసలోంచి ఫోన్ చేశాడు. మనవరాలు పుట్టిందట. గొంతులో ఏం సంబరం! మీ గోత్రం మరిచిపోయినా, చెప్పండి మేడమ్ అన్నాడు. నోరు తెరిచాను. గోత్రం రాలేదు. కాగితం, కొమ్ములు, ఆ ఫోను, అన్నీ వచ్చేశాయి. పర్వాలేదని అతననలేదు.

"ఆయమ్మ పేరేమి?" అన్నాడు.

చెప్పాను. అవతల గోత్రమేమని పూజారి అడుగుతున్నాడు. నరసింహులు గొంతు పెంచాడు: "గోత్రం గీత్రం లేదు సామీ. రహమత్ బీ అని సదువు, శానా గట్టిగా సదువు!"

ఈసారి నాకు లడ్డూ రాలేదు. ఆత్మకూరుకు పోయింది. చిరునామా నేనే చెప్పాను, ఈసారి సరిగ్గా. రహమత్ బీ ఫోన్ చేయలేదు. క్షమించిందో లేదో తెలియదు, అడిగే ముఖమూ లేదు. కానీ పద్నాలుగేళ్లలో నా నోరు ఇంత తియ్యగా ఎప్పుడూ లేదు.