రెండో హెచ్చరిక కోసం పులిహోర

నేను మంజీరలో కొట్టుకుపోవాల్సినవాణ్ణి, అదీ పులిహోర గిన్నె చేత్తో పట్టుకుని. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మీకూ కాస్త గుండె దడ తప్పదు.

మాది గోదావరి లంక. బాన్సువాడ ప్రాంతానికి వచ్చిన కొత్తలో మంజీర నడుమ ఒక దిబ్బ కౌలుకు తీసుకున్నాను. దాని మీద వంగతోట, ఒక పాక, నా భార్య సత్యవతి, చూడి గేదె. ఏరు ఎంత సన్నగా పారేదంటే, మోకాళ్ళు తడవకుండా ఒడ్డుకు చేరేవాళ్ళం. "దీన్నీ నది అంటారా?" అని కనబడ్డవాళ్ళందరి దగ్గరా వెటకారమాడేవాణ్ణి. మా తాతలు గోదారి ఈదారు, మా మూతులు వాసన చూడండి అన్నమాట.

ఒక వానాకాలం ఉదయం ఫోను కుయ్యోమని వరద హెచ్చరిక మోగించింది. వెనకే ఒడ్డు మీంచి చేపలు పట్టే సాయన్న కేక.

"అన్నా, పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తుతున్నరట. జల్ది ఒడ్డుకు రాండ్రి."

"ఇది ఎన్నో హెచ్చరిక సాయన్నా?"

"ఎన్నోదేంది? గిదొక్కటే."

నాకు నవ్వొచ్చింది. మా లంకలో మూడుంటాయి. మొదటిదానికి పులిహోర కలుపుకుంటాం, రెండోదానికి సామాను అటకెక్కిస్తాం, మూడోదానికి పడవెక్కుతాం. గోదారమ్మ మర్యాదస్తురాలు, చెప్పి, ఆగి, మెల్లగా వస్తుంది. అందుకని తాపీగా చింతపండు నానబెట్టాను.

"ఇది మన గోదారి కాదండీ. గేదెని తోలుకుని నేను పోతున్నాను," అంది సత్యవతి.

"రెండోది రానీవే."

ఆవిడ రానివ్వలేదు. గేదెతో సహా ఏరు దాటేసింది.

అన్నంలో పోపు కలుపుతుంటే పెద్ద చప్పుడు. రైలనుకున్నాను. బాన్సువాడకు రైలెక్కడిది? బయటికొచ్చి చూస్తే, మలుపు దగ్గర ఎర్రటి నీళ్ళు ఏటి నిండా లేచి వస్తున్నాయి, ఒక తుమ్మచెట్టును వేళ్ళతో సహా మోసుకుంటూ. వంగతోట కళ్ళముందే మునిగిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాను. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. నేను రోజూ వెక్కిరించిన ఆ సన్నటి ఏటిలో ఇంత తల్లి దాగుందా అనిపించింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి, గరిటెతో సహా.

నీళ్ళు పాక గడప తాకేసరికి సాయన్న తెప్ప మీద వచ్చాడు. తెప్పకు కట్టిన తాడును ఒడ్డున పదిమంది పట్టుకుని ఉన్నారు.

"అన్నా, గిదే నీ రెండో హెచ్చరిక. మూడోది యముడిస్తడు. ఎక్కు."

ఎక్కాను. గిన్నె మాత్రం వదల్లేదు.

ఒడ్డుకు చేరాక సత్యవతి నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు మర్చిపోయారండీ."

అందుకే మంజీర తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మొదటి కేకకే ఒడ్డెక్కుతాను. చింతపండు ఒడ్డెక్కాకే నానబెడతాను. ఉప్పు కూడా వేస్తాను.