ముత్తమ్మ గింజలు

ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం సవరించిన కొత్తలో సంగతి. ఖమ్మంలో వకీళ్లమంతా అదే మాట్లాడుకుంటున్నాం. నా క్లయింటు ముత్తమ్మకు మాత్రం ఆ చట్టం వర్తించదు. ఆమె కోయ పిల్ల; గిరిజనుల వారసత్వానికి వాళ్ల ఆచారమే చట్టం. తండ్రి పోయాక పొలం ఆమే చేసుకుంటోంది. ఆడపిల్లకు పొలమిచ్చే ఆచారమే లేదని బాబాయి కొడుకు కన్నయ్య దావా వేశాడు. నేను బయల్దేరిన మర్నాడే భద్రాచలం కోర్టులో వాయిదా. ఊరి పెద్ద లచ్చయ్య వచ్చి ఆచారమేమిటో చెప్పకపోతే పొలం పోయినట్టే.

ఉదయం ఐదున్నరకు ఖమ్మంలో బస్సెక్కాను. కొత్తగూడెంలో బొగ్గు బాయి కార్మికుడి భార్య ఒకామె ఎక్కి పక్కన కూర్చుని, ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"ఏందమ్మా, గంత అడవిలకు ఒక్కదానివేనా?"

"అవ్, సాక్షిని తెచ్చుకోవాలె. ఐదున్నరకే బస్సెక్కిన."

"అయ్యో, ఏం తినకుంటనే?" అంటూ రెండు జామకాయలు నా ఒళ్లో పడేసింది. ఆ తల్లి చల్లగా ఉండాలి, మధ్యాహ్నం దాకా నా భోజనం అవే.

గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో చర్ల బస్సు పట్టుకున్నాను. మీరెప్పుడైనా వెళ్తే కిటికీ పక్కన కూర్చోకండి, ఎర్రదుమ్ము తలకంతా పడుతుంది. ఒంటిగంటకు దిగి ముత్తమ్మ ఊళ్లోకి నడిచాను. ముత్తమ్మ జొన్న గట్క పెట్టింది. ప్రాణం కుదుటపడింది.

లచ్చయ్య మాత్రం కదల్లేదు. "కోర్టుల నా మాట ఎవరింటరు?"

"పెద్దయ్యా, జడ్జిగారు అడిగేదే మీ ఊరి పద్ధతి ఏందని."

ఆయన చుట్ట పారేసి కన్నయ్యను పిలిపించాడు.

ఆ ఊళ్లో విత్తనాల పండుగకు, పొలం ఎవరిదైతే వాళ్లే గింజలు తేవాలి. ఊరి పెద్ద అందరి గింజలూ కలిపి పంచాకే విత్తుతారు.

"ముత్తమ్మ గింజలు నేను కలుపంగ యాడున్నవ్ రా?"

"ఈడనే."

"నీ పాలు తీస్కున్నవా?"

"తీస్కున్న."

"మరి గప్పుడు నోరెందుకు లేవలే?"

కన్నయ్య తల గోక్కున్నాడు. పొలం ముత్తమ్మదేనని అతను అప్పుడే ఒప్పుకున్నట్టు! నాకు ఎగిరి గంతేయాలనిపించింది!

సాయంత్రం బస్సుకే అందరం భద్రాచలం చేరాం. మర్నాడు లచ్చయ్య కోర్టులో ఆ మాటే చెప్పాడు. కన్నయ్య దావా వెనక్కి తీసుకున్నాడు. ముత్తమ్మ నా చేతులు పట్టుకుని వదల్లేదు.

నన్ను ఖమ్మం బస్సెక్కిస్తూ లచ్చయ్య అడిగాడు, "మీకు కొత్త చట్టమొచ్చిందట గద. నీ వాటా నీకిచ్చిన్రా?"

"లేదు పెద్దయ్యా. చట్టం రాకముందే పెళ్లయినోళ్లకు అది లేదు."

"అయ్యో బిడ్డా!" నిజంగానే నొచ్చుకున్నాడాయన. "మా ఊర్ల పుట్టుంటే నీ గింజలు గూడ కలిపేటోన్ని గద."

మా ఇంట్లో ఎవరూ నాతో అనని మాట అది. ఖమ్మం దాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.