బాగోలేదని చెప్పడం

పొద్దున్నే మాస్కు కడిగి వరండాలో దండెం మీద ఆరేస్తే తడి రబ్బరు వాసన వస్తుంది. చలికాలంలో మంచు విడిచేదాకా అది ఆరదు. ఆ వాసన తగిలితే నాకు సుక్కమ్మ టీచరుగారు గుర్తొస్తారు. గుమ్మలక్ష్మీపురం దగ్గర నేను పాఠాలు చెప్పే ఆశ్రమ పాఠశాలకు ఆవిడ హెడ్మిస్ట్రెస్. నాలాగే ఈ కొండల్లో పుట్టిన మనిషి.

నాది నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. రాత్రంతా పడుకున్నా పగలు తూలేవాణ్ణి. ఒకసారి కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ మలుపులో బండి మీదే కునుకు తీశాను. పిట్టగోడ ఉండబట్టి బతికాం. కబురు తెలిసి టీచరుగారు నా బండి తాళం లాక్కుని తన బీరువాలో పెట్టేశారు. సిగ్గేసింది, అంతకు మించి కోపం వచ్చింది.

పట్నంలో డాక్టరు, రాత్రి మొహానికి మాస్కు తగిలించుకుంటే ఊపిరి ఆగకుండా గాలి పంపే మెషీను ఇచ్చాడు. గాలి మొహం మీద కొట్టినట్టు వచ్చేది. మాస్కు పక్కనుంచి కళ్లలోకి పోయేది. తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. దాన్ని మంచం కిందకి తోసేశాను. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు టీచరుగారు తోడొచ్చారు. డాక్టరు బాగుందా అన్నాడు. బాగుందండీ అన్నాను.

బయట టీకొట్టు దగ్గర ఆవిడ నిలదీశారు. మెషీను వాడుతున్నవాడివి ప్రార్థనలో నిలబడి ఎందుకు తూలుతున్నావన్నారు. అంత పెద్దాయన ఇచ్చినదాన్ని మొహం మీదే బాగోలేదని ఎలా అంటానన్నాను. ఆవిడ నవ్వారు.

"అన్నం పెట్టినోడికి కూర బాగోనేదని సెప్పకూడదని మనకి నేర్పేరు. ఆ డాక్టరు నీకు అన్నం పెట్టనేదు బాబూ, మందిచ్చేడు. మందు పడకపోతే సెప్పాల."

మీరే చెప్పండని బతిమాలాను. ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న వేరుమందులు ఇచ్చేవాడట. నొప్పి ఎక్కడో రోగి తన నోటితో చెప్పేదాకా, పక్కన ఎవరెంత చెప్పినా మందు ఇచ్చేవాడు కాదట.

మళ్లీ లోపలికి వెళ్లాను. ఇందాక బాగుందన్నారుగా అని డాక్టరు విసుక్కున్నాడు. అబద్ధం చెప్పానండీ అన్నాను. అప్పుడతను కుర్చీ ముందుకు జరుపుకుని అన్నీ విన్నాడు. గాలి మొదట మెల్లగా వచ్చి, నిద్ర పట్టాక పెరిగేలా మార్చాడు. ముక్కుకు మాత్రమే సరిపోయే చిన్న మాస్కు ఇచ్చాడు. గొంతు ఎండకుండా మెషీనులో నీళ్లు పోసుకోమన్నాడు. ఒక్కసారికే కుదరలేదు. వెళ్లిన ప్రతిసారీ కుదరనిది చెప్పాను, అతను మార్చాడు. పగటి తూగు పోయాక టీచరుగారు బండి తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టి క్లాసుకి వెళ్లిపోయారు.

ఆవిడ చివరి రోజుల్లో చూడ్డానికి వెళ్లాను. మంచంలో సగమైపోయి ఉన్నారు. బాగున్నారా టీచరుగారూ అన్నాను.

"బాగోనేదు బాబూ. నడుం లాగేత్తంది. ఆ తలగడ ఇటు జరుపు."

జరిపాను. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం జరిపాను.

ఇప్పుడు మా హాస్టల్లో జ్వరంతో పడుకున్న పిల్లల్ని బాగుందా అని అడగను. పక్కన కూర్చుని, ఎక్కడ బాగోలేదో చెప్పమంటాను. చెప్పేదాకా లేవను.