మంచు అధ్యాయానికి మూడు కాపీలు

కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఫైల్లోని పేజీలు ఎత్తి ఇంకో ఫైల్లో దింపడం వచ్చినవాణ్ణి జనం కాస్త భయభక్తులతో చూసిన కాలం అది. తొంభైల చివర. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అమలాపురంలో టైపు హయ్యరు పాసై, కువైట్‌లోని సులైబియాలో గోదాములు అద్దెకిచ్చే ఒక కంపెనీలో క్లర్కుగా చేరాను. నా బల్ల మీద కంప్యూటరు, నా వెనక ఫోటోకాపీ మిషను, నా జేబులో ఆ మిషను తాళంచెవి. (మిషనుకు తాళమేమిటంటారా? అందరూ సొంత కాగితాలు కాపీలు తీసుకుంటున్నారని మా ముదీర్, అంటే మేనేజరు, దాని ప్లగ్గుకి ఒక ఇనప పెట్టె బిగించి తాళం వేయించాడు. ఈజిప్టు మనిషి, మంచివాడే, కానీ కాగితం దగ్గర మాత్రం మహా గట్టివాడు.) ఆ తాళంచెవి జేబులో గలగలలాడుతుంటే నేను నడిచిన నడక ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది. కంపెనీ మొత్తం నా మీదే నడుస్తోందని నా నమ్మకం.

మా కంపెనీకి ఒక 'ప్రకృతి విపత్తుల ముందుజాగ్రత్త ప్రణాళిక' ఉండేది. లావుపాటి నీలం అట్ట ఫైలు. వాన, ఇసుక గాలి, ఎండ, ఏది ముంచుకొచ్చినా యార్డులో ఎవరేం చెయ్యాలో అందులో ఉంటుందని ప్రతీతి. అయిదేళ్ళకోసారి దాన్ని ఒక కన్సల్టెంటు చేత సరిచేయించకపోతే ఇన్సూరెన్సు వాళ్ళు ఊరుకోరు. పాత ప్రణాళిక రాసిన మహానుభావుడెవరో ఏదో చలిదేశపు ప్రణాళికను తెచ్చి, ఊరి పేరు మాత్రం మార్చి మాకు అంటగట్టినట్టున్నాడు. నాలుగో అధ్యాయం పేరు 'మంచు తుఫాను'. ఫైలు ఎవరూ చదవలేదు గానీ, చివర్లో ఉన్న సామాన్ల జాబితాను మాత్రం తు.చ. తప్పకుండా కొన్నారు. అందుకే మా స్టోరులో మంచు తోసే వెడల్పాటి పారలు పన్నెండు, గోడకు వరసగా వేలాడుతుండేవి. స్టోరు చూసే భాయ్‌ది రాయచోటి. బయట ఎండకి తారు కరుగుతుంటే నన్ను చూసి, "ఏమబ్బా, మంచు యాడన్నా పడితే చెప్పు, పారలు రెడీగా ఉండాయి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. ఆఫీసు విషయాల్లో హాస్యం నాకు గిట్టేది కాదు మరి.

గేటు దగ్గర కాపలా ఉండే ఆయన మా కోనసీమ మనిషి. వరసకు ఏమీ కాకపోయినా నేను బాబాయ్ అనేవాణ్ణి. నోరు తెరిస్తే ఏటిగట్టు సంగతి ఎత్తేవాడు కనుక యార్డులో తెలుగువాళ్ళందరికీ ఏటిగట్టు బాబాయ్. కొబ్బరికాయల లోడుతో ఆయన లారీ ఎక్కి ఊరు దాటిన రోజే ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, పిన్ని లేదు, ఆరేళ్ళ పాప లేదు. నీళ్ళు లేని దేశం ఏదైనా ఉంటే పంపించమని ఏజెంటు కాళ్ళు పట్టుకుని కువైట్ వచ్చాడట. "ఇసక దేశం కదా అనొచ్చానురా అబ్బాయ్. తీరా చూత్తే నా గది తెచ్చి పల్లంలో పెట్టేరు" అనేవాడు. చూసేవాళ్ళకి యార్డు అరచేయిలా చదునే. కానీ లారీలు కడిగిన నీళ్ళు ఎటు పారతాయో రోజూ చూసే మనిషి కదా, ఉత్తరపు గోడ వైపు ఎత్తనీ, గేటు వైపు పల్లమనీ ఆయనకు తెలుసు. "ఇక్కడ గట్టిగా ఓ గంట వాన పడితే నీళ్ళన్నీ నా మంచం కిందకే వచ్చేత్తాయిరా" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. కువైట్‌లో వానేమిటి బాబాయ్ అని నేను నవ్వేవాణ్ణి. ఈ విషయానికి మాత్రం నాకు నవ్వొచ్చేది చూశారా!

ఆ మంచం కింద ఒక రేకు పెట్టె. అందులో, బట్టల అడుగున, పిన్నీ పాపా దిగిన ఫోటో. అమలాపురంలో స్టూడియోలో తీయించింది. వెనక హంసలు వేసిన తెర, పిన్ని కుర్చీలో, పాప పక్కన బిగుసుకుపోయి నిలబడి. ఆయన చెల్లెలింట్లో ఉండబట్టి ఆ ఒక్కటీ ఉప్పెన పాలు కాకుండా దక్కింది. ఒకనాడు దాన్ని కవర్లో పెట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ మిషన్లో పెడితే దీనికి ఇంకోటొత్తాదటగా. ఒక్కటి తీసిపెట్టరా. ఇదొక్కటే ఉంది. ముట్టుకోడానికే బయ్యంగా ఉంటంది."

"టెండరు పని నెత్తి మీదుంది బాబాయ్. అది అయిపోనీ, తీద్దాం" అన్నాను, జేబులో తాళంచెవి సవరించుకుంటూ.

"ఆయ్, అలాగే. నీ పని చూస్కో" అని వెళ్ళిపోయాడు. ఆయనకు నా మీద అంత నమ్మకం.

ఆ టెండరు కన్సల్టెంటును కుదుర్చుకోవడానికే. ఏమేం రాసివ్వాలో కన్సల్టెంట్లకు చెప్పే కాగితం తయారుచేసే భాగ్యం నాకు దక్కింది. నేనేం చేశాను? పాత ప్రణాళికలోని అధ్యాయాల పేర్లన్నీ ఎత్తి కొత్త కాగితంలో దింపాను, మంచు తుఫానుతో సహా. ఇద్దరు ముందుకొచ్చారు. మొదటాయన సూటు సారు. పొడుగాటి కారులో వచ్చి, దుమ్ముగా ఉందని దిగకుండానే అద్దంలోంచి యార్డంతా చూసి, నాకొక బంగారు రంగు పెన్ను ఇచ్చి వెళ్ళాడు. రెండో ఆయన గొడుగు ఇంజినీరు. మలయాళీ. ఎండకు నల్ల గొడుగు వేసుకుని బస్సు దిగి నడిచొచ్చాడు. (ఇంత పెద్ద పనికి బస్సులో వచ్చాడని నాకు అప్పుడే చులకనైపోయాడు.) ఆఫీసులోకి రాకుండా నేరుగా బాబాయ్ దగ్గరికి పోయాడు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు మలయాళం రాదు. నీళ్ళకు అరబ్బీ మాట 'మాయ్' ఒక్కటి ఇద్దరికీ తెలుసు. మాయ్, మాయ్ అనుకుంటూ, సీసాతో నేల మీద నీళ్ళు ఒంపుతూ, అవి ఎటు పోతాయో వంగి చూస్తూ, ఒకే గొడుగు కింద ఇద్దరూ పూటంతా తిరిగారు. నేను కిటికీలోంచి చూసి, వీళ్ళకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నాను.

సూటు సారు పంపిన పుస్తకానికి రంగుల అట్ట. మంచు తుఫాను మీదే పన్నెండు పేజీలు, బొమ్మలతో. గొడుగు ఇంజినీరువి నాలుగంటే నాలుగు కాగితాలు. మొదటి వాక్యం నాకింకా కంఠతా ఉంది: 'అన్నిటికంటే ముందు కాపలాదారు గదిని, ప్రమాదంలో అందరూ చేరవలసిన చోటును గేటు దగ్గర్నుంచి తీసి ఉత్తరపు గోడ దగ్గరికి మార్చండి, ఒక క్రేను, ఒక పూట పని.' చివరి వాక్యం: 'నాలుగో అధ్యాయం మీకు అక్కర్లేదు.'

నేనిద్దరినీ పోల్చుతూ ఒక పట్టిక తయారుచేశాను. అబ్బో, ఏం పట్టిక అది! అధ్యాయానికొక గడి, రాసినవాడికి ఆకుపచ్చ టిక్కు, రాయనివాడికి ఎర్ర ఇంటూ. మంచు గడిలో సూటు సారుకు టిక్కు పడింది, గొడుగు ఇంజినీరుకు ఇంటూ పడింది. దాని పక్కన 'షరతు పాటించలేదు' అని రాసి కింద గీత కూడా గీశాను. కాపలాదారు గదిని మార్చమన్నాడు కదా, దానికేమీ గడి లేదా అంటే, లేదు. పాత ఫైల్లో అలాంటి అధ్యాయం లేదు మరి. ముదీర్ పట్టిక చూసి, "ముంతాజ్! బ్రహ్మాండం! ఎర్ర గుర్తున్నవాడు ఖలాస్" అని సంతకం పెట్టాడు. ఆ 'ముంతాజ్' సంగతి ఇంటికి ఉత్తరం రాశాను. నా మొహం!

కొత్త ప్రణాళిక వచ్చింది. ఇన్సూరెన్సుకొకటి, మా కఫీల్‌కి, అంటే కంపెనీ సొంతదారు అరబ్బుకొకటి, ఫైలుకొకటి. మంచు అధ్యాయానికి మూడు కాపీలు నా చేత్తోనే తీశాను, బొమ్మలు చెదరకుండా. ఆఖరి పేజీ వస్తుంటే బాబాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో ఆ కవరే. "మిషను వేడెక్కిపోయింది, రేపు రా బాబాయ్" అని తాళం వేసేశాను. వేడెక్కిన మాట నిజమే. ఇంకొక్క కాగితానికి ఏమైపోయేదని మాత్రం అడక్కండి.

వారం తిరగలేదు. పొద్దున పదిగంటలకు ఆకాశం నల్లబడి వాన మొదలైంది. వానంటే మన గోదావరి వానే, ఏ మాత్రం తేడా లేదు. రోడ్డు మీది నీళ్ళన్నీ గేటులోంచి లోపలికి దూకాయి. నేను నీలం ఫైలు చంకలో పెట్టుకుని, ఈల ఊదుతూ, ప్రణాళికలో రాసినట్టే అందర్నీ గేటు పక్కన పచ్చ బోర్డు దగ్గరికి రమ్మని కేకలేశాను. పాపం, వచ్చారు. నలభై మంది వరస కట్టి నిలబడితే పేర్లు పిలుస్తున్నాను. సగం పేర్లయ్యేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. "ఏందబ్బీ, హాజరు తీసుకుంటా ముంచుతావా?" అని అరిచాడు భాయ్. ఇంతలో పైన వేలాడే కరెంటు వైరొకటి చిటచిటమంది. దీనికేం చెయ్యమన్నారో అని నేను ఫైలు తిరగేస్తున్నాను.

"ఒరేయ్, పైకి పదండ్రా! ఉత్తరం గోడకి! ఎహె, ఆ కాయితాలు పారెయ్!" బాబాయ్ గొంతు. అంత గొంతు ఆయనకుందని అప్పుడే తెలిసింది. మెయిను తీసేసి, తడిసిన వాళ్ళని చేతులు పట్టి లాగుతూ, తోస్తూ, ఒక్కొక్కర్నీ గోడ దాకా చేర్చాడు. కాలు జారి పడ్డ నన్ను చొక్కా పట్టుకుని లేపాడు. అలా అయిదారుసార్లు అటూ ఇటూ తన గది ముందు నుంచే తిరిగాడు. ఒక్కసారైనా లోపలికి వెళ్ళలేదు. మేమందరం గోడ దగ్గర చేరి చూస్తుండగా ఆ గది తలుపు తోసుకుని రేకు పెట్టె బయటికొచ్చింది, మూత తెరుచుకుని.

వాన వెలిశాక ఆ మంచు పారలు పన్నెండూ దించి బురద తోశాం. బురదలో ఫోటోను భాయ్ వెతికి తెచ్చాడు. బాబాయ్ దాన్ని రెండు రోజులు నీడలో ఆరబెట్టి నా దగ్గరికి తెచ్చాడు. మూలన ఒక హంస మెడ మిగిలింది. మిగతాదంతా తెలుపు.

"ఇప్పుడు తియ్యరా కాపీ" అన్నాడు. ఎత్తిపొడుపేమో అనుకుని తల దించుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. "మిషను కదరా. మన కంటికి అవుపడనిది దానికి అవుపడతాదేమో."

తీశాను. పల్చగా ఒకటి, ముదురుగా ఒకటి, మరీ ముదురుగా ఒకటి. ముదీర్ గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. ఎన్ని తీసినా హంస మెడే వచ్చింది. బాబాయ్ ఒక్కో కాగితం వెలుతురుకు పట్టి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అప్పుడంటే ఊళ్ళో లేనురా. ఇప్పుడు పక్కనే ఉన్నాను కదా. అయినా రెండోసారి కూడా పోయారు" అన్నాడు. నేను ఏడ్చాను. ఆయనే నా వీపు నిమిరి, "ఊరుకోరా, నువ్వేం చేత్తావు, చిన్నోడివి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారం ప్రణాళికను మళ్ళీ సరిచెయ్యమన్నారు. నేను నాలుగో అధ్యాయం మొత్తం తీసేసి, ఆ జాగాలో గొడుగు ఇంజినీరు మొదటి వాక్యం ఉన్నదున్నట్టు టైపు చేసి సంతకానికి పెట్టాను. ముదీర్ చదవకుండానే సంతకం చేశాడు. మర్నాడు క్రేను వచ్చి బాబాయ్ గదినెత్తి ఉత్తరపు గోడ దగ్గర దింపింది. నిజంగానే ఒక పూట పని. ఆయన కొత్తచోట నిలబడి, కింద గేటు వైపు కాసేపు చూసి, ఖాళీ పెట్టె మంచం కిందకి తోసుకున్నాడు.

ఇప్పుడు నాకు యాభై దాటింది. ఫోటోకాపీ మిషన్లకు తాళాలు పోయి చాలా ఏళ్ళయింది, ఫోన్లోనే లక్ష ఫోటోలు పడుంటున్నాయి. అయినా ఎవరైనా ఒక్క కాపీ తీసిపెట్టమంటే రెండు తీసి ఇస్తాను, ఎందుకని అడిగితే చెప్పను. మిషను మూత ఎత్తినప్పుడల్లా అద్దం మీద ఎవరిదైనా ఏదైనా ఉండిపోయిందేమోనని వంగి చూస్తాను. ఏమీ ఉండదు. జేబులో తాళంచెవి గలగలలాడించుకుంటూ తిరిగిన ఆ టిక్కుల మొనగాడే అద్దంలో కనిపిస్తాడు, జుట్టు నెరిసిపోయి. వాణ్ణి చూసి కాస్త నవ్వుకుని, మూత దించేస్తాను.