అంచుబల్లకు వార్నిష్

మొన్న వీధరుగు మీది చెక్కబల్లకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరు, వార్నిష్ వేస్తే అద్దంలా మెరుస్తుందన్నాడు. మావారు సరేననబోతుంటే నేను వద్దని కసిరేసరికి ఆయన నావంక వింతగా చూశారు. ఇన్నేళ్ళయినా తడిసిన వార్నిష్ తలుచుకుంటే నా అరికాళ్ళు చల్లబడతాయని పాపం ఆయనకేం తెలుసు!

డెబ్బైల్లో ఒక ఎండాకాలం పెళ్ళయి రాజోలు దగ్గర అత్తవారింటికి వచ్చాను. మామగారికి కొబ్బరికాయలు తోలే చిన్న నావ ఉండేది. ఏటా ఎండాకాలం కాలవలకు నీళ్ళు కట్టేసిన రోజుల్లో దాన్ని గట్టెక్కించి, ఆరబెట్టి, చెక్క కుళ్ళకుండా చేపనూనె పట్టించేవారు. ఆ వాసన సంగతి నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. పెరట్లో కుండ మూత తీస్తే వంటింట్లో నాకు అన్నం సయించేది కాదు. జీడిపిక్కల నూనె రాద్దామంటే చేతులు పొక్కుతాయని అత్తగారు వద్దన్నారు. చివరికి, పట్నాల్లో తలుపులకు వేసే వార్నిష్ నావకు పనికిరాదా అని మావారి చెవిలో వేశాను. కొత్త పెళ్ళాం మాట కదా, ఆయన అమలాపురం వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చి, అది తన ఆలోచనేనని తండ్రికి చెప్పారు. మామగారు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, వంటింటి గుమ్మంలో ఉన్న నావైపు ఓ చూపు చూసి, "ఆయ్, అలాగే కానీ" అన్నారు. నేను లోలోపల మురిసిపోయాను, తెలివితక్కువదాన్ని.

ఆషాఢానికి నన్ను ఏటి అవతల పుట్టింట్లో దిగబెట్టాల్సి వచ్చింది. గోదావరికి కొత్త వరద ఎర్రనీరు తగిలింది, పైన సన్నటి వాన. వెనక చుక్కాని దగ్గర మావారు, మధ్యలో తాటాకు గూడు, దాని ముందు నేను. మామగారు పొడవాటి వెదురు గెడ ఏటి అడుగుకు దింపి, భుజం ఆనించి, నావ పక్క పొడుగునా ఉన్న జానెడు వెడల్పు అంచుబల్ల మీద ఉత్తకాళ్ళతో నడుస్తూ నావను నెడుతున్నారు. నూనె పీల్చిన చెక్క అడుగును పట్టి ఉంచుతుందనీ, వార్నిష్ తడిస్తే కాలు నిలవదనీ నాకెవరు చెప్పారు? ఆయన కాలివేళ్ళు ముడిచి ముడిచి అడుగు వేయడం చూశాకగాని తెలియలేదు. ఆగండి అనబోయాను.

అంతలోనే ఆయన కాలు జారింది. నడుము దాకా ఏట్లోకి జారి, రెండు చేతులతో అంచు పట్టుకుని వేలాడారు. ఎలా లేచానో గుర్తులేదు, మణికట్టు దొరకబుచ్చుకుని లాగాను. ఎలాగో పైకొచ్చారు. గూడు అడ్డం ఉండటంతో మావారు చూడనేలేదు. మామగారు గొంతు తగ్గించి, "అబ్బాయికి చెప్పకమ్మా, నిన్ను కోప్పడతాడు. ఆ చేపనూనె వాసన నాకూ పడదమ్మా. కాలు జారకూడదని పూస్తాం, అంతే," అన్నారు.

చేతిలోది ఏట్లో కొట్టుకుపోవడంతో ఇంకో గెడ తీసుకున్నారు. అవతలి గట్టు చేరేవరకు ఆయన వేసిన ఒక్కో అడుగుకూ నా ప్రాణం పోయి వచ్చింది. శ్రావణంలో తిరిగి వచ్చేసరికి వార్నిష్ గీకేసి, చేపనూనె పట్టించి ఉంది. ఎందుకని మావారు అడిగితే, అచ్చిరాలేదురా అని మామగారు ఊరుకున్నారట.

ఇప్పుడు వంతెన మీద బస్సులో నిమిషాల్లో ఏరు దాటేస్తున్నాం. ఎవరికీ భయం లేదు, మంచిదే. కాని, తప్పు నాదని తెలిసీ కడుపులో పెట్టుకుని, ఇంకా తడి ఆరని కాళ్ళతో మళ్ళీ ఆ అంచుబల్ల మీదికే ఎక్కి నన్ను పుట్టింటికి చేర్చిన అలాంటి మనిషి మాత్రం నాకు మళ్ళీ తారసపడలేదు.